సవరల గురువు – గిడుగు వేంకట రామమూర్తి పంతులు గారు

శ్రీముఖలింగేశ్వరుని సన్నిధికి చేరువనున్న పర్వతాలపేట గ్రామమున 1863వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన గిడుగు వేంకట రామమూర్తి గారు జన్మించిరి. ఆ తేదీనే ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవముగా జరుపుచున్నారు. వంశధార పారెడు ఆ సీమ అప్పుడు గంజాము జిల్లాలోనిది. 1860 మొదలు 1911 వరకు నేటాలు చెరకు తోటలకు ఓడలెక్కిన తెలుగువారిలో గంజాము, విశాఖపట్టణము జిల్లాలవారు అనేకులు. కావున ఇది మన పూర్వుల ఇరుగుపొరుగున జరిగిన గాథయే.

బాల్యముననే తండ్రి వీర్రాజు గారు గతించిరి. బాలుడు విజయనగరమున మేనమామ ఇంట నుండి మహారాజా వారి పాఠశాలలో చదివెను. గురజాడ అప్పారావు గారు అచ్చట సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషను గట్టెక్కి, మరుసటి యేట పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు 30 రూపాయల జీతముపై ఉపాధ్యాయుడుగా చేరిరి. సంసార భారము మీద నున్నను, స్వయముగా చదివి బి.ఏ. పట్టము పొందిరి. ఆ కాలమున బి.ఏ. చదివినవానికి కచేరీలలో గొప్ప కొలువులు దొరకుట కష్టము కాదు. రామమూర్తి గారు మాత్రము పర్లాకిమిడి విడువలేదు. ఆయన మనస్సు ఊరిచుట్టునున్న కొండలపై నుండెను.

ఆ కొండలలో సవరలు నివసింతురు. వారి భాషకు అప్పుడు లిపి లేదు, పుస్తకము లేదు. సంతకు దిగివచ్చిన సవరలు వర్తకుల లెక్క తెలియక మోసపోవుచుండిరి. వారి భాష నేర్చి, వారికి వారి మాటతోనే చదువు చెప్పవలెనని పంతులు గారు సంకల్పించిరి. సవరము, తెలుగు రెండును వచ్చిన యొక మనిషిని తన ఇంటనే ఉంచుకొని భాష నేర్చిరి. పిమ్మట అడవులలోనికి పోయి, సవరలు మాటలాడుచుండగా విని, వారి పదములు, కథలు, పాటలు వ్రాసికొనిరి. తెలుగు లిపిలో వారికి వాచకములు కూర్చిరి. సొంత సొమ్ముతో బడులు పెట్టి, సవర భాషలోనే చదువు చెప్పించిరి. బడిపంతులు జీతములో నుండి ఇంకొక బడికి ఖర్చు పెట్టుట ఎంతటి పనియో ఉపాధ్యాయులకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ అడవి జ్వరములు ఆయనను విడువలేదు. మలేరియాకు పుచ్చుకొనిన క్వినైనా వలన వినికిడి చెడెను. చెవితో విని భాషను పట్టెడు పండితునకు చెవుడు! అయినను పని ఆగలేదు.

30 ఏండ్లు పాఠములు చెప్పి 1911లో కొలువు చాలించిరి. ఆ సంవత్సరమే మద్రాసు ప్రభుత్వమువారు సవర పుస్తకములను మెచ్చి పారితోషికము ఇయ్యజూపిరి. జీతము ఆగిన గృహస్థునకు ఆ ధనము అక్కరకు రానిది కాదు. రామమూర్తి గారు దానిని పుచ్చుకొనక, ఆ సొమ్ముతో సవరలకొక మంచి బడి పెట్టి నడుపుడని కోరిరి. బిరుదులును, 1934లో కైజర్-ఇ-హింద్ స్వర్ణపతకమును తరువాత వచ్చినవి. వానికొరకు ఆయన ఎవరి వాకిటను నిలువలేదు. 1931లో ఇంగ్లీషున సవర వ్యాకరణము, ఆ పిమ్మట నిఘంటువు వెలువడెను.

జనులు మాటలాడు తెలుగే చదువులలో నుండవలెనని ఆయన సలిపిన పోరాటము లోకవిదితము. అందుకొరకే 1919లో 'తెలుగు' అను పత్రికను నడిపిరి. పండితులు కోపించిరి. గ్రాంథికమును ఆయన ఎరుగక కాదు, ఎరిగియే వాదించిరి.

చివరి పరీక్ష వృద్ధాప్యమున వచ్చెను. 1936 ఏప్రిలులో ఒరిస్సా రాష్ట్రమేర్పడినప్పుడు, అందు చేరవలెనని రాజావారు పట్టుబట్టగా పర్లాకిమిడి అందులోనికి పోయెను. రాజావారి పాఠశాలలోనే బ్రదుకు గడిపినవాడు, 56 ఏండ్లు నివసించిన ఊరు! ఊరకుండినచో మర్యాదయు, ఆదరమును నిలిచియుండెడివి. రామమూర్తి గారు నిరసనగా ఆ దిన ముదయముననే ఊరు విడిచి, రాజమహేంద్రవరము చేరిరి. అప్పటికి వయస్సు 72.

1940 జనవరి 15న మద్రాసులో పత్రికలవారిని కలిసి, వాడుక తెలుగును విడువవలదని విన్నవించుకొనిరి. వారము తిరిగిన 22వ తేదీన కన్ను మూసిరి.