మనసు లోతులు చూచిన బుచ్చిబాబు

మానవుని నడవడికి అతనికే తెలియని కారణాలుంటాయని పాశ్చాత్య దేశాలలో ఫ్రాయిడ్, యూంగ్ వంటి పండితులు ప్రతిపాదించారు. ఆ దృష్టిని తెలుగు నవలలో పండించినవారిలో బుచ్చిబాబు అగ్రగణ్యులు.

వీరి అసలు పేరు శివరాజు వెంకట సుబ్బారావు. 1916 జూన్ 14న ఏలూరులో జన్మించారు. ఆంగ్ల సాహిత్యంలో ఎం.ఏ. పట్టం పొంది, అనంతపురం, విశాఖపట్టణాలలో అధ్యాపకులుగా పనిచేసి, అనంతరం ఆకాశవాణిలో చేరారు. కథలు, నాటికలు, వ్యాసాలు రచించారు. చిత్రలేఖనంలోనూ అభిరుచి గలవారు.

వీరి నవల 'చివరకు మిగిలేది' 1946-47లో ధారావాహికగా వెలువడింది. కథానాయకుడు దయానిధి తల్లిని లోకం నిందించింది. తల్లి గతించినా నింద గతించలేదు. కుమారుని ప్రేమను, వివాహాన్ని వెన్నాడింది. అతడు వైద్యుడే, కాని తన మనోవ్యథకు మందెరుగడు. రాయలసీమలో లభించిన వజ్రం సైతం ఆ లోటును పూరింపలేదు. ఆ వజ్రాన్ని మేము ప్రతీకగా భావిస్తాము: నేలను త్రవ్విన చేతికి వజ్రం దక్కవచ్చును, శాంతి మాత్రం మనసును త్రవ్వుకొన్నవానికే దక్కుతుంది. తనతో తాను సమాధానపడనిదే లోకంతో సమాధానం లేదన్నదే మాకు తోచిన నవలాసారం.

1967 సెప్టెంబరు 20న, 51 యేండ్ల వయసున, వీరు హైదరాబాదులో కన్నుమూశారు.

మూసాపేటలో పాఠం చెప్పే మాకు, నలుగురేమనుకొంటారోనని నోరు విప్పని విద్యార్థులు ఏటేటా ఎదురవుతారు. వారికి హితబోధ చేయుట మానుకొని ఈ నవలను చేతికిస్తున్నాము. చదివి తిరిగి ఇచ్చునపుడు కొందరు మాతో మాటాడుతారు. అధ్యాపకునకు అంతకు మించిన ఫలమేమున్నది?