జంట ఆటలో మేటి – ఎలిజబెత్ రయాన్

తెలుగు చలనచిత్ర పరిశ్రమకు నిలయమైన జూబిలీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతాలు వెండితెర తారలకు ప్రసిద్ధి. అదే హైదరాబాదు నగరంలో పెరిగిన సానియా మీర్జా క్రీడారంగంలో తారగా వెలిగింది. 2015లో ఆమె స్విట్జర్లాండు క్రీడాకారిణి మార్టినా హింగిస్‌తో కలసి వింబుల్డన్ మహిళల డబుల్స్ టైటిల్ గెలుచుకొంది. భారతీయ మహిళకు ఆ విజయం దక్కడం అదే మొదటిసారి. ఒక్కసారి లభిస్తేనే జన్మ ధన్యమనుకొనే ఆ టైటిల్‌ను పన్నెండుసార్లు గెలిచిన క్రీడాకారిణి ఎలిజబెత్ రయాన్.

రయాన్ 1892 ఫిబ్రవరి 5న అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, అనహైమ్ పట్టణంలో జన్మించింది. 1912లో ఇంగ్లండు చేరి, అక్కడే స్థిరపడింది. 1914లో ఆగ్నెస్ మోర్టన్‌తో కలసి తొలిసారి వింబుల్డన్ డబుల్స్ గెలిచింది. అంతలో ప్రపంచయుద్ధం మొదలైంది. నాలుగేళ్లపాటు వింబుల్డన్ పోటీలు జరుగలేదు.

1919లో పోటీలు తిరిగి ఆరంభమయ్యాయి. అప్పుడే రయాన్‌కు ఫ్రాన్సుకు చెందిన సుజాన్ లెంగ్లెన్ జోడీగా లభించింది. డబుల్స్‌లో ఒకరి బలం మరొకరి లోటును పూరించాలి. లెంగ్లెన్ కోర్టు వెనుక భాగం నుండి గురి తప్పకుండా బంతిని పంపేది. రయాన్ నెట్ దగ్గర నిలిచి, బంతి నేలను తాకకముందే కొట్టేది. 'వాలీ' అనే ఈ విద్యలో నాటి మహిళలలో ఆమెది అగ్రస్థానం. 1919 నుండి 1923 వరకు వరుసగా ఐదుసార్లు, 1925లో మరొకసారి వారు విజేతలయ్యారు. వింబుల్డన్‌లో ఆ జంటకు ఓటమి అన్నదే లేదు.

అయితే రయాన్ జీవితంలో ఒక కొరత మిగిలిపోయింది. ప్రధాన పోటీలలో సింగిల్స్ టైటిల్ ఆమెకు ఒక్కసారీ దక్కలేదు. 1921 వింబుల్డన్ ఫైనల్‌లో లెంగ్లెన్ చేతిలో, 1930 ఫైనల్‌లో హెలెన్ విల్స్ మూడీ చేతిలో ఆమె పరాజయం పాలైంది. విశేషమేమిటంటే, ఆ రెండు సంవత్సరాలలోనూ తనను ఓడించినవారితోనే జతకట్టి ఆమె డబుల్స్ గెలిచింది. ఎదుట నిలిచి ఓడించిన వ్యక్తి పక్కన నిలిచి, ఆమె విజయానికి తోడ్పడడం సామాన్యమైన సంస్కారం కాదు.

1926లో ఆమెకు కఠిన పరీక్ష ఎదురైంది. లెంగ్లెన్ తమ దేశానికే చెందిన క్రీడాకారిణితో ఆడాలని ఫ్రెంచి టెన్నిస్ సంఘం పట్టుబట్టింది. దానితో లెంగ్లెన్, దీదీ వ్లాస్టోతో జతకట్టింది. రయాన్ అమెరికాకు చెందిన మేరీ బ్రౌన్‌ను జోడీగా ఎంచుకొంది. మొదటి పోటీలోనే రెండు జంటలూ తలపడ్డాయి. తొలి సెట్ కోల్పోయిన రయాన్ జంట ఓటమి అంచు నుండి తేరుకొని గెలిచింది. చివరకు ఆ ఏడాది టైటిల్‌ను కూడా సొంతం చేసుకొంది. రయాన్ గెలుపు లెంగ్లెన్ నీడ మాత్రమే కాదని లోకానికి తెలిసింది.

తరువాత హెలెన్ విల్స్ మూడీతో రెండుసార్లు, ఫ్రాన్సుకు చెందిన సిమోన్ మాత్యూతో 1933, 1934లలో ఆమె విజయాలు సాధించింది. మిక్స్‌డ్ డబుల్స్‌లో గెలిచిన ఏడింటితో కలిపి ఆమె వింబుల్డన్ టైటిళ్లు 19. వాటిలో ప్రతి ఒక్కటీ మరొకరితో పంచుకొన్నదే. 1972లో అంతర్జాతీయ టెన్నిస్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆమెకు స్థానం లభించింది.

1975లో బిల్లీ జీన్ కింగ్ 19 టైటిళ్లతో ఆమె రికార్డును సమం చేసింది. 1979 జూలై 6న రయాన్ వింబుల్డన్ మైదానంలోనే అస్వస్థతకు గురై కుప్పకూలి, తన 87వ ఏట కన్నుమూసింది. ఆ మరునాడే కింగ్, మార్టినా నవ్రతిలోవాతో కలసి డబుల్స్ గెలిచి, తన ఇరవయ్యవ టైటిల్ సాధించింది. ఆ రికార్డు చెదరడాన్ని చూడవలసిన అవసరం రయాన్‌కు కలుగలేదు. మహిళల డబుల్స్‌లో ఆమె సాధించిన పన్నెండు టైటిళ్ల రికార్డు మాత్రం నేటికీ చెక్కుచెదరలేదు.

ఫిల్మ్‌నగర్‌లో రూపొందే చిత్రమైనా, వింబుల్డన్‌లో లభించే విజయమైనా ఒక్కరి వలన సిద్ధించేది కాదు. తోటివారి ప్రతిభకు తన ప్రతిభను జోడించడం కూడా గొప్పతనమేనని రయాన్ జీవితం నిరూపించింది. ఆమె పేరు తొలిసారి చేరిన నూటొక్క సంవత్సరాలకు, అదే విజేతల పట్టికలో హైదరాబాదు అమ్మాయి పేరూ చేరింది.