తామ్రలిప్తి నుంచి ధాన్యకటకం దాకా

హిజ్లీ స్టేషన్‌లో ఎక్కిన బండి బాలేశ్వర్, భువనేశ్వర్, బ్రహ్మపుర, శ్రీకాకుళం రోడ్ మీదుగా మన తెలుగు ఊళ్లకు చేరుతుంది. సెలవులకు మనలో చాలామందిమి ఈ దారినే వెళ్తాం. సుమారు 1,400 ఏళ్ల క్రితం చైనా నుంచి వచ్చిన ఒక బౌద్ధ భిక్షువు కూడా ఇంచుమించు ఇటువైపుగానే ఆంధ్రదేశానికి వెళ్లాడు. ఆయనే మన చరిత్ర పాఠంలోని హుయాన్‌త్సాంగ్. పాఠంలో మనం చదివేది నలందా గురించి, హర్షుడి గురించి. మన రెండు ఊళ్లనూ కలిపే భాగం అందులో కనబడదు.

ఆయన 602 ప్రాంతంలో లోయాంగ్ నగరానికి దగ్గరలో పుట్టాడు. భిక్షువైన అన్న వెంట చిన్నతనంలోనే మఠంలో చేరాడు. సుయి వంశం కూలి దేశమంతా యుద్ధాలు రేగినప్పుడు అన్నదమ్ములిద్దరూ చాంగాన్‌కు, అక్కడినుంచి చెంగ్‌డూకు వెళ్లి చదువు సాగించారు. ఊరు మారినప్పుడల్లా గురువులూ మారారు. ఒకరు చెప్పిన అర్థం ఇంకొకరు చెప్పినదానితో కలిసేది కాదు. చైనా భాషలోని అనువాదాలు కూడా ఒకదానితో ఒకటి పొసగలేదు. ఇది తేలాలంటే మూలగ్రంథాలనే చూడాలని, అవి పుట్టిన దేశంలోనే చదవాలని ఆయన నిశ్చయించుకున్నాడు.

అప్పట్లో దేశం దాటి వెళ్లడానికి చక్రవర్తి అనుమతి లేదు. అయినా 629లో రహస్యంగా బయలుదేరాడు. గోబీ ఎడారిలో నీళ్లతిత్తి జారి ఒలికిపోయి, నాలుగు రోజులకు పైగా గుక్కెడు నీళ్లు లేకుండా గడిపాడు. తుర్ఫాన్ రాజు ఆయన పాండిత్యం చూసి అక్కడే ఉండిపొమ్మని పట్టుబట్టాడు. హుయాన్‌త్సాంగ్ అన్నం మానేసి కూర్చునేసరికి రాజు దిగివచ్చి, దారిఖర్చులూ ఉత్తరాలూ ఇచ్చి పంపాడు. సమర్‌కండ్, బామియాన్ దాటి కాశ్మీరం చేరి రెండేళ్లు చదివాడు. తర్వాత నలందాలో వృద్ధుడైన శీలభద్రుడికి శిష్యుడయ్యాడు. ఆ గురువు వంగదేశంలోని సమతటానికి చెందినవాడు. అక్కడ బౌద్ధ శాస్త్రాలతోపాటు సంస్కృత వ్యాకరణం, తర్కం కూడా నేర్చుకున్నాడు.

అక్కడినుంచి తామ్రలిప్తి రేవుకు వచ్చాడు. మనం పాన్స్‌కురాలో బండి మారి వెళ్లే తమ్లుక్ అదే. అప్పుడక్కడ పదికి పైగా విహారాలు, వెయ్యిమంది దాకా భిక్షువులు ఉన్నారని ఆయన రాసుకున్నాడు. రెండు వందల ఏళ్ల ముందు ఫాహియాన్ ఆ రేవులోనే సింహళానికి ఓడ ఎక్కాడు. హుయాన్‌త్సాంగ్ కూడా అలాగే వెళ్లాలనుకున్నాడు. కాని సముద్రంలో తుఫానుల భయం ఎక్కువ, భూమి మీదుగా దక్షిణానికి వెళ్తే దారిలో అన్ని దేశాలూ చూడవచ్చని దక్షిణాది భిక్షువొకడు సలహా ఇచ్చాడు. ఆ మాట విని ఒడ్ర, కళింగ దేశాలు దాటి, దక్షిణ కోసలం చుట్టి ఆంధ్రదేశంలో అడుగుపెట్టాడు.

ఇక్కడి మాట మధ్యదేశపు మాటకు వేరుగా ఉందని, రాత మాత్రం చాలావరకు ఒకటేనని గమనించాడు. ఆయన చెవిన పడినది ఆనాటి తెలుగే అయ్యుండాలి. తర్వాత ధాన్యకటకం చేరాడు. అది ఇప్పటి అమరావతి, ధరణికోట ప్రాంతమని ఎక్కువమంది చరిత్రకారులు అంటారు. ఒకప్పుడు వెలిగిన విహారాల్లో చాలావరకు పాడుబడి ఉన్నాయి. ఇరవై దాకా మిగిలాయి. వాటిలో మహాసాంఘిక శాఖ భిక్షువులు ఉండేవారు.

హుయాన్‌త్సాంగ్ చదివినది మహాయానం. నలందాలో పేరు తెచ్చుకున్న పండితుడు, ఈ శాఖవాళ్ల దగ్గర తనకేం పని అనుకోలేదు. సుభూతి, సూర్యుడు అనే ఇద్దరు భిక్షువుల దగ్గర కొన్ని నెలలు కూర్చుని వాళ్ల అభిధర్మం నేర్చుకున్నాడు. వాళ్లిద్దరూ ఆయన దగ్గర మహాయాన శాస్త్రాలు చదివారు. ఇటు చదువు అటు, అటు చదువు ఇటు నడిచింది. బదిలీ మీద కొత్త బడికి వచ్చే మనకు ఇది బాగా అర్థమవుతుంది. వచ్చినవాడు నేర్చుకుంటాడు, తాను తెచ్చినది ఇస్తాడు కూడా.

కంచి చేరాక సింహళంలో కరువు, కల్లోలం అని తెలిసి ఆ ప్రయాణం మానుకున్నాడు. తిరుగుదారిలో సింధునది దాటుతుండగా కొన్ని తాళపత్రాలు నీళ్లపాలయ్యాయి. వాటి నకళ్ల కోసం మళ్లీ మనుషులను పంపాడు. 645లో 657 గ్రంథాలతో చాంగాన్ చేరాడు. తన శాఖవే కాదు, ఇతర శాఖల గ్రంథాలూ అందులో ఉన్నాయి. మహాసాంఘికులవే 15. చెప్పకుండా వెళ్లినవాడిని చక్రవర్తి ఆదరించాడు. పదవి ఇస్తానంటే ఆయన వద్దని, సహాయకులతో అనువాదానికి కూర్చున్నాడు. ప్రజ్ఞాపారమితను కుదించమని శిష్యులు కోరినా, చివరికి ఏదీ వదలకుండా 600 భాగాలుగా పూర్తిచేశాడు. మరుసటి ఏడే, 664లో కన్నుమూశాడు. అప్పటికి అనువాదమైనవి 75 గ్రంథాలు. పందొమ్మిదేళ్ల శ్రమ తర్వాత కూడా తెచ్చినవాటిలో ఎక్కువభాగం మిగిలిపోయింది.

ఆయన యాత్రాగ్రంథం సి-యు-కి మాత్రం నిలిచింది. 19వ శతాబ్దంలో కన్నింగ్‌హామ్ అందులోని దూరాలూ దిక్కులూ చూసుకుంటూ వెళ్లి, బార్‌గావ్ దగ్గరి దిబ్బలే నలందా అని గుర్తించాడు. ధాన్యకటకంలో పాడుబడిన విహారాలను చూసినప్పుడు, తమ్లుక్ రేవులో నిలబడినప్పుడు ఆయన ఉన్నది ఉన్నట్టు రాసిపెట్టాడు. అందుకే మన రెండు ఊళ్లూ ఆనాడు ఎలా ఉండేవో ఇవాళ మనం చెప్పుకోగలుగుతున్నాం.