ఫ్రాంక్ స్మైత్

ఫ్రాంక్ స్మైత్ (జూలై 6, 1900 - జూన్ 27, 1949) ప్రముఖ ఆంగ్ల పర్వతారోహకుడు, రచయిత, ఛాయాగ్రాహకుడు. ఇతని పూర్తి పేరు ఫ్రాన్సిస్ సిడ్నీ స్మైత్. గఢ్వాల్ హిమాలయాలలోని భ్యుందార్ లోయకు "వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్" (పూలలోయ) అనే పేరు ప్రపంచమంతటా వ్యాపించడానికి ఇతని రచన, ఛాయాచిత్రాలే ముఖ్య కారణం.

బాల్యం, విద్య

స్మైత్ ఇంగ్లండులోని కెంట్ ప్రాంతానికి చెందిన మెయిడ్‌స్టోన్‌లో జన్మించాడు. పసితనంలోనే తండ్రిని కోల్పోయాడు. గుండె బలహీనంగా ఉన్నదని వైద్యులు చెప్పడం వలన తల్లి ఇతనిని అతి జాగ్రత్తగా పెంచింది. తరువాత విద్యుత్ ఇంజనీరింగ్ అభ్యసించాడు. బ్రిటిష్ వైమానిక దళంలో చేరినా అనారోగ్యం వలన వైదొలగవలసి వచ్చింది. అటువంటి వ్యక్తి 1927, 1928లలో గ్రాహం బ్రౌన్‌తో కలిసి మాంట్ బ్లాంక్ పర్వతంపై, బ్రెన్వా వైపున, రెండు కొత్త మార్గాలను అధిరోహించడం విశేషం.

పర్వతారోహణ

1930లో కాంచనగంగ యాత్రలో పాల్గొన్నాడు. 1931లో ఇతని నాయకత్వంలోని బృందం 7,756 మీటర్ల కామెట్ శిఖరాన్ని మొదటిసారిగా అధిరోహించింది. అప్పటికి మానవుడు చేరుకున్న శిఖరాలలో అదే ఎత్తైనది. 1933లో ఎవరెస్టుపై కృత్రిమ ప్రాణవాయువు లేకుండా, ఒంటరిగా, సుమారు 8,570 మీటర్ల ఎత్తు వరకు వెళ్ళాడు. 1936, 1938 ఎవరెస్టు యాత్రలలో కూడా పాల్గొన్నాడు.

పూలలోయ

కామెట్ నుండి తిరిగి వస్తూ, వర్షాకాలపు వాతావరణంలో ఒక కనుమ దాటిన స్మైత్ బృందం భ్యుందార్ లోయలో ప్రవేశించింది. ఎటు చూసినా అడవిపూలతో నిండిన పచ్చిక మైదానాలు కనిపించాయి. ఆ దృశ్యాన్ని మరువలేక 1937లో స్మైత్ తిరిగి వచ్చి, లోయలో గుడారం వేసుకుని, మొక్కలను, విత్తనాలను సేకరించాడు. పూలను ఛాయాచిత్రాలలో బంధించాడు. ఆ పూలు వానలలోనే విరబూస్తాయి కనుక, మంచి వెలుగు మబ్బులు విడిన కొద్దిసేపే లభిస్తుంది. 1938లో వెలువడిన "ది వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్" గ్రంథంలో రంగుల చిత్రాలు కూడా ఉన్నాయి. నీలి గసగసాల పువ్వు, ప్రిములా, ఎనిమోన్ వంటివి ఈ లోయలో ప్రసిద్ధమైనవి.

ఈ లోయను స్మైత్ కనుగొన్నాడని అనడం సరికాదు. స్థానికులు తరతరాలుగా అక్కడ గొర్రెలను, మేకలను మేపుకునేవారు. 1939లో మొక్కల సేకరణకు వచ్చిన జోన్ మార్గరెట్ లెగ్గె కొండవాలుపై జారిపడి మరణించింది. ఆమె సమాధి లోయలోనే ఉన్నది.

ఇతర రచనలు, మరణం

స్మైత్ ఇరవైకి పైగా గ్రంథాలు రచించాడు. "ది మౌంటెన్ సీన్" (1937), "ఎ కెమెరా ఇన్ ది హిల్స్" (1939) ఇతని ఛాయాచిత్ర సంపుటాలు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో సైనికులకు పర్వత యుద్ధ శిక్షణ ఇచ్చాడు. 1949లో భారతదేశంలో జబ్బుపడి, ఇంగ్లండుకు చేరిన తరువాత, 49వ జన్మదినానికి కొద్దిరోజుల ముందు మరణించాడు.

ప్రభావం

పూలలోయ 1982లో జాతీయ ఉద్యానవనమైంది; 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ ప్రదేశంలో చేరింది. విస్తీర్ణం 87.5 చదరపు కిలోమీటర్లు. ఉద్యానవనమైన తరువాత పశువుల మేతను నిషేధించారు. దీనివలన గ్రామస్థులు తమ మేత భూములను కోల్పోయారు. మేత ఆగిపోవడం వలననే పాలీగోనమ్ అనే మొక్క దట్టంగా పెరిగి పూలమొక్కలను అణచివేస్తున్నదని కొందరి వాదన. మరికొందరు దీనిని అంగీకరించలేదు. స్మైత్ చూసిన పూలమైదానం మనుషులు, మందలు తిరుగాడిన నేల అనే సంగతి ఈ వివాదంలో ముఖ్యమైనది.