వంద ఫొటోలు అడిగితే.. 17 వేలు తీశారు!

మీకో పని అప్పగించారనుకోండి. కొత్త ఊరికి వెళ్లాలి. మూడు వారాల్లో వంద ఫొటోలు తీసివ్వాలి. ఏం చేస్తారు? వంద పూర్తికాగానే బ్యాగు సర్దేసుకుంటారు కదా! 1955లో అమెరికా ఫొటో జర్నలిస్టు యూజీన్ స్మిత్‌కు సరిగ్గా ఇలాంటి పనే వచ్చింది. ఉక్కు నగరం పిట్స్‌బర్గ్ మీద వస్తున్న పుస్తకానికి ఫొటోలు కావాలి. ఆయన వెళ్లి నెలల తరబడి అక్కడే ఉండిపోయారు. దాదాపు 17 వేల నెగెటివ్‌లు పోగుచేశారు.

ఈ మొండితనం ఆయనకు ఏమిచ్చింది? ఆయన నుంచి ఏం లాగేసుకుంది? కెరియర్ మొదలుపెట్టబోతున్న మీకు రెండూ తెలియాలి.

నిజాయతీ ఎవరి చేతిలో ఉంది?

స్మిత్ 1918 డిసెంబరు 30న కాన్సాస్ రాష్ట్రంలోని విచిటాలో పుట్టారు. బడిలో ఉండగానే స్థానిక పత్రికలకు ఫొటోలు ఇచ్చేవారు. తండ్రిది ధాన్యం వ్యాపారం. అది దెబ్బతిని 1936లో ఆయన ప్రాణం తీసుకున్నారు. ఆ ఘటనపై పత్రికల్లో వచ్చిన రాతలకీ, తనకు తెలిసిన నిజానికీ పొంతన లేకపోవడంతో స్మిత్ ఈ వృత్తే వద్దనుకున్నారు. పత్రికలో పనిచేసే ఓ మిత్రుడు ఆపారు. నిజాయతీ వృత్తిలో ఉండదు, చేసే మనిషిలో ఉంటుందన్నది ఆయన చెప్పిన మాటల సారం. స్మిత్ జీవితమంతా దాన్నే పట్టుకున్నారు.

నోటర్‌డామ్ యూనివర్సిటీలో స్కాలర్‌షిప్‌తో చేరి, చదువు మధ్యలోనే ఆపేసి 1937లో న్యూయార్క్ చేరారు. న్యూస్‌వీక్‌లో ఉద్యోగం దొరికింది. కానీ తనకు నచ్చిన చిన్న కెమెరాను వదలనన్నందుకు అది కాస్తా పోయింది!

మళ్లీ మొదటి ఫొటో

రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవుల్లో సైనికుల వెంట తిరిగారు. 1945 మే నెలలో ఒకినావాలో మోర్టార్ గుండు పేలి ముఖం, చెయ్యి ఛిద్రమయ్యాయి. ఆపరేషన్ల మీద ఆపరేషన్లు. కోలుకోవడానికి దాదాపు రెండేళ్లు పట్టింది. మళ్లీ కెమెరా పట్టగలనా అన్న భయం ఉండేది.

1946లో ఒకరోజు ఆ నొప్పితోనే కెమెరా ఎత్తారు. ఎదురుగా ఆయన ఇద్దరు పిల్లలు. చెట్ల చీకట్లోంచి వెలుగులోకి నడుస్తున్నారు. గాయపడ్డాక తీసిన తొలి ఫొటో అదే. 1955లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో 68 దేశాల నుంచి 503 ఫొటోలతో 'ఫ్యామిలీ ఆఫ్ మ్యాన్' ప్రదర్శన పెట్టినప్పుడు ముగింపు చిత్రంగా దాన్నే ఎంచుకున్నారు.

వెళ్లి తీసుకురావడం కాదు.. ఉండి చూడటం

యుద్ధం తర్వాత 'లైఫ్' పత్రికలో ఆయన చేసిన పని ఇప్పటికీ జర్నలిజం పాఠమే. 1948లో కొలరాడోలోని క్రెమ్లింగ్ అనే ఊరికి వెళ్లారు. సుమారు 400 చదరపు మైళ్లకు, 2 వేల మంది జనానికి ఒక్కడే డాక్టరు. ఆయన వెనకే వారాల తరబడి తిరిగారు. అర్ధరాత్రి పిలుపులు, ఆపరేషన్ అయ్యాక అలసిపోయి కాఫీ కప్పుతో నిలబడ్డ క్షణం, ఏదీ వదల్లేదు. ఒక్కో ఫొటో విడిగా కాకుండా అన్నీ కలిసి కథ చెప్పడమే ఫొటో ఎస్సే. దానికి 'కంట్రీ డాక్టర్' నమూనాగా నిలిచింది.

1951లో సౌత్ కరోలినాలో పేదల ఇళ్లకు వెళ్లి కాన్పులు చేసే నల్లజాతి నర్సు మాడ్ కాలెన్ కథ తీశారు. అది చూసిన పాఠకులు విరాళాలు పంపారు. ఆ డబ్బుతో ఆమెకు ఒక క్లినిక్ వచ్చింది. ఫొటోలు ఒక ఊరికి ఆసుపత్రి తెచ్చాయి!

మరో వైపు కూడా చూడండి

1954లో ఆఫ్రికాలోని డాక్టర్ ఆల్బర్ట్ ష్వైట్జర్ మీద చేసిన కథనాన్ని పత్రిక తనకు నచ్చినట్టు కుదించడంతో స్మిత్ 'లైఫ్' వదిలేశారు. ఆ తర్వాతే పిట్స్‌బర్గ్ పని. 17 వేల నెగెటివ్‌ల నుంచి ఏరడానికి ఏళ్లు పట్టింది. చివరకు 1959లో ఒక వార్షిక సంచికలో 88 ఫొటోలు అచ్చయ్యాయి. అవీ ఆయనకు తృప్తినివ్వలేదు. ఈలోగా అప్పులు పెరిగాయి. మద్యం, నిద్ర రాకుండా చేసే మాత్రలు అలవాటయ్యాయి. భార్యాపిల్లల్ని వదిలి న్యూయార్క్‌లో ఒక పాత భవనంలోకి మారిపోయారు.

ఇంకో సంగతి. ష్వైట్జర్ కథనంలోని పేరున్న ఫొటోను రెండు నెగెటివ్‌లు కలిపి తయారుచేశారు. నిజం కోసం అంత పోరాడిన మనిషే ఆ పని చేశారు. ఇవాళ ఏ పేరున్న వార్తాపత్రికలో అలా చేసినా ఉద్యోగం ఉండదు. ఇది గుర్తుంచుకోండి.

గ్యాలరీ నుంచి మినమాతకు

1971లో న్యూయార్క్‌లోని జ్యూయిష్ మ్యూజియంలో దాదాపు 600 ఫొటోలతో స్మిత్ ప్రదర్శన జరిగింది. పల్లె డాక్టరు, నర్సు, ఉక్కు కార్మికులు, అందరూ గోడల మీదకు వచ్చారు. వయసు 52. ఒంటినిండా పాత గాయాలు. ఇంకెవరైనా అయితే ఇక చాలనుకునేవారు. ఆ ప్రదర్శనతో జపాన్ వెళ్లిన స్మిత్, భార్య ఐలీన్‌తో కలిసి మినమాత చేరారు.

అక్కడ చిస్సో అనే రసాయన కంపెనీ పాదరసం కలిసిన వ్యర్థాలను సముద్రంలోకి వదిలింది. ఆ చేపలు తిన్నవారి నరాలు దెబ్బతిన్నాయి. ఈ జబ్బును 1956లోనే గుర్తించినా బాధితుల పోరాటం సాగుతూనే ఉంది. స్మిత్ దంపతులు వాళ్ల మధ్యే ఇల్లు అద్దెకు తీసుకుని మూడేళ్లు ఉన్నారు. 1972 జనవరిలో కంపెనీ మనుషులు స్మిత్‌ను కొట్టారు. చూపు దెబ్బతింది. అయినా వెనక్కి వెళ్లలేదు.

కూతుర్ని స్నానం చేయిస్తున్న ఒక తల్లి ఫొటో మినమాత బాధను ప్రపంచానికి చూపింది. 1973లో కోర్టు తీర్పు కంపెనీకి వ్యతిరేకంగా వచ్చింది. ఆ అమ్మాయి చనిపోయాక, ఫొటో ఇక తిప్పవద్దన్న తల్లిదండ్రుల కోరికను ఐలీన్ మన్నించారు. ఫొటో తీసినవారికే కాదు, అందులో ఉన్నవారికీ హక్కు ఉంటుందని అర్థం చేసుకున్నారు.

మీరు ఏం తీసుకుంటారు?

అరిజోనా యూనివర్సిటీలో పాఠాలు చెప్పడానికి టూసన్ వెళ్లిన స్మిత్ 1978 అక్టోబరు 15న అక్కడే కన్నుమూశారు. 59 ఏళ్లు. ఆయన పేరిట ఏర్పాటైన నిధి నేటికీ ఫొటోగ్రాఫర్లకు గ్రాంట్లు ఇస్తోంది.

ఆయన అప్పులు, అలవాట్లు, ఇంటిని వదిలేయడం మనకొద్దు. గడువు దాటడం కూడా మీ మొదటి ఉద్యోగంలో పనికిరాదు. తీసుకోవాల్సింది ఒక్కటే, మనుషుల దగ్గర ఆగడం. మీడియాలోకి రావాలనుకుంటున్నారా? పోర్ట్‌ఫోలియోలో యాభై రకాల ఫొటోలు నింపకండి. మీ ఊరి ఆశా కార్యకర్తనో, లైన్‌మన్‌నో అడిగి, వాళ్లు ఒప్పుకుంటే ఒక నెల వెంట నడవండి. పది ఫొటోలు చాలు. ఇంటర్వ్యూలో ఆ పదింటి గురించి అడిగితే మీ దగ్గర చెప్పడానికి నెల రోజుల సంగతులు ఉంటాయి.