వెలుగును కొలిచిన జాన్సెన్

1868వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీన గుంటూరు పట్టణమున పట్టపగలే చీకటి క్రమ్మెను. అది సంపూర్ణ సూర్యగ్రహణము. దానిని పరిశీలించుటకై దూరదేశముల నుండి పండితులు వచ్చి యుండిరి. వారిలో ఫ్రాన్సు దేశీయుడగు పియెర్ జాన్సెన్ ఒకడు.

జాన్సెన్ 1824లో పారిస్ నగరమున జన్మించెను. బాల్యమున జరిగిన ప్రమాదము వలన ఆయనకు కాలు అవిటిదయ్యెను. చిన్నతనముననే బ్యాంకులో కొలువు చేయవలసి వచ్చెను. అయినను చదువు మానలేదు. వెలుగును రంగులుగా విడదీసి పరీక్షించు విద్యలో నిపుణుడయ్యెను.

గుంటూరులో సూర్యబింబము అయిదు నిమిషములకు పైగా మరుగుపడెను. బింబపు అంచున ఎగయు జ్వాలలు మిక్కిలి వేడియైన వాయువులని జాన్సెన్ తన యంత్రముతో గ్రహించెను. వాటి కాంతిరేఖలు ఎంతో ప్రకాశవంతములై యుండుటచే, గ్రహణము లేనప్పుడును వాటిని చూడవచ్చునని తలచెను. మరునాటి ఉదయమే ఆ తలపును నిజము చేసెను.

1870లో పారిస్ నగరమును శత్రుసేన ముట్టడించి యుండగా, అల్జీరియాలో మరియొక గ్రహణమును చూచుటకై ఆయన బెలూను నెక్కి నగరము దాటెను. కాని ఆనాడు మబ్బులు క్రమ్మి శ్రమ యంతయు వ్యర్థమయ్యెను. ఆకాశము ఎవరికొరకును ఆగదు.

1874 డిసెంబరులో శుక్రగ్రహము సూర్యబింబమునకు అడ్డముగా సాగవలసి యుండెను. అది సూర్యుని అంచును తాకు క్షణమును వేర్వేరు దేశముల నుండి సరిగా గుర్తించినచో, సూర్యుని దూరము లెక్కింపవచ్చును. వెనుక 1769లో ఒకే చోట నిలిచి చూచినవారు సైతము వేర్వేరు క్షణములను చెప్పిరి. అందుచే వరుసగా చిత్రములు తీయు యంత్రమును జాన్సెన్ కల్పించెను. దానికి ఛాయాచిత్ర రివాల్వరు అని పేరు.

అందు వెండిపూత గల గుండ్రని ఫలకము ఆగి ఆగి తిరుగును. దాని ముందు చీలికలు గల బిళ్ళ తిరుగును. చీలిక మరీ వెడల్పైనను, బిళ్ళ మరీ నెమ్మదిగా తిరిగినను వెలుగు మితిమీరి చిత్రము చెడును. చీలిక మరీ సన్ననైనను, బిళ్ళ మరీ వేగముగా తిరిగినను వెలుగు చాలక చిత్రము మసకబారును. ఆ కొలత ముందుగనే కుదరవలెను. తప్పినచో మరల 1882 వరకు అట్టి అవకాశము రాదు.

జపానులోని నాగసాకిలో ఆ యంత్రము పనిచేసెను. అది 72 సెకండ్లలో 48 చిత్రములు తీయగలది. అనగా ఒకటిన్నర సెకండుకు ఒక చిత్రము. సూర్యుని దూరము ఆశించినంత సూక్ష్మముగా తేలకపోయినను, చలనమును చిత్రములుగా విడదీయు మార్గము దానివలన తెరచుకొనెను. ఆ మార్గముననే మారే అను శాస్త్రజ్ఞుడు 1882లో పక్షుల ఎగురుటను చిత్రించెను.

1895లో లూమియేర్ సోదరులు తమ చలనచిత్ర యంత్రముతో వృద్ధుడగు జాన్సెన్‌నే చిత్రించి, మరునాడు సభలో ప్రదర్శించిరి. క్షణములను పట్టుటకు జీవితమెల్ల శ్రమించిన ఆ మహనీయుడు 1907లో కన్నుమూసెను.