జువానా లా బెల్ట్రానేహా

జువానా (1462 - 1530) ప్రస్తుత స్పెయిన్‌లో భాగమైన కాస్టిల్ రాజ్యపు రాకుమారి. ఈమె రాజు నాలుగవ ఎన్రికేకు అతని రెండవ భార్య, పోర్చుగల్ రాకుమారి జువానా వలన జన్మించింది. అసలు తండ్రి ఆస్థాన ప్రముఖుడైన బెల్ట్రాన్ డి లా క్యువా అని ప్రత్యర్థులు ప్రచారం చేయడం వలన ఈమెకు బెల్ట్రానేహా (బెల్ట్రాన్ కూతురు) అనే ఎగతాళి పేరు స్థిరపడింది. ఈ వివాదం వలన సింహాసనం ఈమె మేనత్త ఇసబెల్లాకు దక్కింది. 1492లో కొలంబస్ యాత్రకు అండగా నిలిచిన రాణి ఈ ఇసబెల్లాయే.

జననం

ఎన్రికే మొదటి వివాహం సంతానం లేకుండానే 1453లో రద్దయింది. ఈ కారణంగా అతనికి నపుంసకుడనే అపకీర్తి వచ్చింది. 1455లో జరిగిన రెండవ వివాహానికి సుమారు ఏడేళ్ళ తరువాత, 1462 ఫిబ్రవరిలో, మాడ్రిడ్‌లో జువానా జన్మించింది. అదే సంవత్సరం మే నెలలో కోర్తెస్ అనే ప్రతినిధుల సభ ఈమెను వారసురాలిగా అంగీకరించి ప్రమాణం చేసింది. ప్రమాణం చేసినవారిలో ఇసబెల్లా కూడా ఉన్నది.

పితృత్వ వివాదం

వివాహబంధంలో పుట్టిన శిశువుకు భర్తయే తండ్రి అని ఆనాటి చర్చి న్యాయం భావించేది. అయినను 1464లో రాజుపై ఎదురు తిరిగిన ప్రభువులు జువానా ఔరసపుత్రిక కాదని బహిరంగంగా ప్రకటించారు. 1465లో వారు ఎన్రికే తమ్ముడు అల్ఫోన్సోను రాజుగా నిలబెట్టారు. 1468లో అల్ఫోన్సో మరణించిన పిదప ఎన్రికే ఒక ఒప్పందం ద్వారా ఇసబెల్లాను వారసురాలిగా గుర్తించాడు. అందులో కారణంగా చూపినది పితృత్వం కాదు, రాణితో తన వివాహం చట్టబద్ధం కాదని మాత్రమే. 1469లో ఇసబెల్లా ఎన్రికే అనుమతి లేకుండా అరగాన్ యువరాజు ఫెర్డినాండ్‌ను వివాహమాడినది. 1470లో ఎన్రికే, రాణి ఇద్దరూ జువానా తమ బిడ్డయేనని ప్రమాణం చేశారు.

వారసత్వ యుద్ధం

1474 డిసెంబరులో ఎన్రికే మరణించగా, రెండు రోజులకే ఇసబెల్లా తనను రాణిగా ప్రకటించుకున్నది. 1475లో జువానాకు మేనమామయైన పోర్చుగల్ రాజు ఐదవ అఫోన్సోతో వివాహం నిశ్చయించారు. అప్పటికి ఈమె వయస్సు 13 సంవత్సరాలు. మేనమామతో వివాహానికి పోప్ అనుమతి అవసరం. ఇచ్చిన అనుమతి తరువాత రద్దయింది. యుద్ధంలో బెల్ట్రాన్ జువానా పక్షాన కాక ఇసబెల్లా పక్షాన నిలవడం గమనించదగిన విషయం. 1476 మార్చి 1న జరిగిన టోరో యుద్ధం తరువాత జువానా పక్షం బలహీనపడింది.

చివరి జీవితం

1479 అల్కాసోవస్ సంధి ఈమె ముందు రెండే మార్గాలుంచింది: ఇసబెల్లా పసికుమారుడు పెరిగి పెద్దవాడయ్యే వరకు వేచి అతనిని వివాహమాడడం, లేదా సన్యాసినుల మఠంలో చేరడం. జువానా మఠాన్నే ఎంచుకొని, 1480లో కోయింబ్రాలో సన్యాస దీక్ష తీసుకున్నది. పోర్చుగల్‌లో ఈమెను గౌరవంగా ఉత్తమ మహిళ అనే అర్థంలో ఎసెలెంత్ సెన్యోరా అని పిలిచేవారు. తాను రాణిననే హక్కును ఈమె విడువలేదు. 1530లో లిస్బన్‌లో మరణించింది.

తరువాతి పరిశోధన

స్పెయిన్ వైద్యుడు గ్రెగోరియో మారన్యోన్ 1930లో ఎన్రికే శరీరస్థితిపై ఒక గ్రంథం ప్రచురించాడు. 1946లో గ్వాదలూపే మఠంలో రాజు అవశేషాలు దొరికాయి. కానీ జువానా సమాధి 1755 లిస్బన్ భూకంపంలో నాశనమైనందున డీఎన్‌ఏ పరీక్షతో పోల్చి చూసే అవకాశం లేదు. బెల్ట్రాన్ తండ్రి అనుటకు గాని, కాదనుటకు గాని నిశ్చయమైన ఆధారం లేదు.